వాడుకరి, వాటాదారు: సామాజిక మాధ్యమ సంస్థల జవాబుదారీతనం

పదిమంది కూడి మాట్లాడుకునే చోటును వ్యాపారంగా నడిపే సంస్థ ఎవరికి జవాబు చెప్పాలన్న ప్రశ్నకు చట్టం ఒక సమాధానం ఇస్తుంది, ఆ చోటును రోజూ నింపేవారు మరొకటి ఆశిస్తారు. చట్టం లెక్కలో కంపెనీ వాటాదారులది. డైరెక్టర్ల బోర్డు ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశంలో వారి ముందుకు రావాలి, లాభనష్టాలు చెప్పాలి, తీర్మానాలపై వారి ఓటు తీసుకోవాలి. వాడుకరి, అంటే ఖాతా తెరిచి, రాసి, చదివి, తోటివారి తగవులు తీర్చి, నలుగురూ ఆ చోటుకు వచ్చేలా చేసే మనిషి, ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు. చేరేటప్పుడు చదవకుండానే ఒప్పుకున్న నిబంధనల పత్రమే అతనికీ కంపెనీకీ మధ్య ఉన్న సంబంధమంతా. ఈ రెండు స్థానాలూ ఒకే మనిషిలో కలిసినప్పుడు, అంటే వాడుకరే షేరు కొని వాటాదారైనప్పుడు, అతని ప్రశ్నకు బలం చేకూరుతుందా, లేక అతని ప్రశ్నే మారిపోతుందా అన్నది ఈ ఉపన్యాసం పరిశీలించే విషయం.

సహకారోద్యమానికి జీవితం ధారపోసిన పెద్దల స్మృతిలో జరుగుతున్న ఈ సభకు అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల గొడవ ఎందుకన్న సందేహం కలగవచ్చు. సహకార సంఘంలో వాడుకరీ యజమానీ ఒక్కరే. ముల్కనూరులో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు నుంచి పాల సంఘాల దాకా, వాటాధనం ఎంత కట్టినా సభ్యునికి ఒకటే ఓటు అన్న సూత్రం తెలుగు నేలకు కొత్త కాదు. ఆ సూత్రం లేని చోట, సభ్యుల శ్రమ మీదే నిలిచి సభ్యులకు మాత్రం ఓటు లేని సంస్థను దారికి తెచ్చే మార్గాలేమిటన్నది సహకారవాదులు ఆలోచించదగిన ప్రశ్నే. పైగా ఈ కంపెనీలు తమను తాము సమాజాలుగా, కుటుంబాలుగా వర్ణించుకుంటాయి కనుక, ఆ వర్ణనను నిజమని తీసుకుని లెక్క అడిగే హక్కు వారే ఇచ్చినట్టయింది.

వాడుకరికి నేరుగా ఓటు ఇచ్చిన ప్రయోగం ఒకటి చరిత్రలో ఉంది. 2009లో ఫేస్‌బుక్ తన నిబంధనలను మార్చి, వాడుకరుల రాతల మీద శాశ్వత హక్కు తనదేనన్నట్టు రాసుకోగా పెద్ద దుమారం లేచింది. దానిని చల్లార్చడానికి, ముఖ్యమైన మార్పులను వాడుకరుల ఓటుకు పెడతామని సంస్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ ప్రకటించాడు. అయితే ఓటు కంపెనీని కట్టడి చేయాలంటే చురుకైన వాడుకరులలో 30 శాతం మంది పాల్గొనాలన్న షరతు అందులోనే ఉంది. 2012 డిసెంబరులో ఆ ఓటింగు పద్ధతినే రద్దు చేయాలన్న ప్రతిపాదన మీద చివరి ఓటింగు జరిగింది. సుమారు 6 లక్షల 68 వేల మంది ఓటు వేశారు, వారిలో 88 శాతం రద్దును వ్యతిరేకించారు, రద్దు మాత్రం అమలైంది. అప్పటికి వాడుకరుల సంఖ్య వంద కోట్లు. షరతు నెరవేరాలంటే 30 కోట్ల మంది కదలాలి. ఏ దేశపు ఎన్నికలైనా అంతమంది ఓటర్లతో, వారం రోజుల గడువుతో, ప్రచారమన్నదే లేకుండా జరిగితే ఫలితం అలాగే ఉంటుంది.

అదే 2012 మే నెలలో ఆ కంపెనీ షేర్లు పబ్లిక్ ఇష్యూ ద్వారా మార్కెట్‌లోకి వచ్చాయి. అంటే వాడుకరి ఓటు పోయిన ఏడే, కాగితం మీదనైనా, వాటాదారు ఓటు వచ్చింది. ఆ ఓటు బరువును నిర్ణయించేది షేర్ల తరగతి: మార్కెట్‌లో అమ్మే ఏ తరగతి షేరుకు ఒక ఓటు, సంస్థాపకుడి వద్ద ఉండే బీ తరగతి షేరుకు పది ఓట్లు. జుకర్‌బర్గ్‌కు కంపెనీ ఆస్తిలో ఉన్న వాటా సుమారు 13 శాతం కాగా ఓట్లలో వాటా సుమారు 60 శాతం. ఈ తేడాను రద్దు చేయాలన్న తీర్మానం ఏటా సమావేశానికి వస్తూనే ఉంది, అతన్ని మినహాయిస్తే మిగిలిన ఓట్లలో అధిక భాగం దానికి అనుకూలంగానే పడుతున్నాయి, అది ఏటా ఓడిపోతూనే ఉంది. యాజమాన్యం ఒకరిది, అదుపు మరొకరిది అవుతుందని 1932లో అడాల్ఫ్ బెర్ల్, గార్డినర్ మీన్స్ తమ గ్రంథంలో వివరించినప్పుడు వారి కళ్ల ముందున్నవి వేల మంది చిన్న వాటాదారుల మధ్య చెల్లాచెదురైన రైల్వే, టెలిఫోను కంపెనీలు. అక్కడ అదుపు చేజారింది. ఇక్కడ పబ్లిక్ ఇష్యూకు ముందే దానిని పత్రాల్లో పదిలం చేసుకున్నారు.

ఈ సమస్యకు అత్యంత స్పష్టమైన ఉదాహరణ రెడిట్. 2005లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివిన స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ స్థాపించిన ఈ సంస్థను మరుసటి ఏడు కాండే నాస్ట్ అనే పత్రికా సంస్థ కొన్నది. రెడిట్ సబ్‌రెడిట్లనే వేలాది విభాగాల సముదాయం. ఒక్కొక్కటి ఒక్కో విషయానికి, ఊరికి, భాషకు చెందినది. హైదరాబాదుకూ తెలుగు భాషకూ కూడా అక్కడ విభాగాలున్నాయి. ఆ విభాగాలకు నియమాలు రాసేదీ, బూతులను, మోసపు ప్రకటనలను తొలగించేదీ కంపెనీ ఉద్యోగులు కారు, మోడరేటర్లని పిలిచే వాడుకరులు. వారికి జీతం లేదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న పరిశోధకులు 2022లో ఆ శ్రమకు వెలకట్టి, అది ఏడాదికి కనీసం 34 లక్షల డాలర్లని తేల్చారు. కనీసం అన్న మాటను మరవకూడదు, ఎందుకంటే వ్యవస్థలో నమోదయ్యే పనులను మాత్రమే వారు లెక్కించగలిగారు. ఒక తగవును ముదరక ముందే ఓపిగ్గా సర్దిచెప్పిన గంటలు ఏ చిట్టాలోనూ చేరవు.

ఈ వాడుకరులకు యాజమాన్యంలో భాగమిస్తామన్న మాట రెడిట్ చరిత్రలో రెండుసార్లు వినిపించింది. 2014లో కంపెనీ 5 కోట్ల డాలర్ల పెట్టుబడి సేకరించినప్పుడు, ఆ విడతలో డబ్బు పెట్టినవారు తమ షేర్లలో 10 శాతాన్ని వాడుకరుల సమాజానికి తిరిగి ఇస్తామని ప్రకటించారు. ఆ విడతకు నాయకత్వం వహించినవాడు, తర్వాత ఓపెన్ఏఐ అధిపతిగా లోకానికి తెలిసిన సామ్ ఆల్ట్‌మన్. షేర్లను లక్షలాది మందికి పంచడం చట్టరీత్యా చిక్కు కనుక క్రిప్టో నాణెం వంటి ఏర్పాటు ఒకటి చేయాలనుకున్నారు. కొద్ది నెలల్లోనే ముఖ్య కార్యనిర్వహణాధికారి మారాడు, పథకం అటకెక్కింది. రెండోసారి 2024 మార్చిలో, షేరు 34 డాలర్ల ధరకు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు, అమ్మకానికి పెట్టిన 2 కోట్ల 20 లక్షల షేర్లలో 8 శాతాన్ని ఎంపిక చేసిన వాడుకరులకు, మోడరేటర్లకు, వారితోపాటు కొందరు డైరెక్టర్లకు, ఉద్యోగుల బంధుమిత్రులకు కేటాయించారు. ఎవరికి ముందు అవకాశమన్నది వాడుకరి సంపాదించిన కర్మ అనే మార్కులను, మోడరేటరుగా చేసిన పనిని బట్టి నిర్ణయించారు. ఈ రెండు సందర్భాలూ ఒకే దారిలో రెండు మెట్లుగా కనిపించవచ్చు గాని, పదేళ్ల కిందటి మాట ఇవ్వడం గురించి, ఇప్పటిది అమ్మడం గురించి. మోడరేటరు తన సొంత డబ్బుతో, బ్యాంకులు, ఫండ్లు కొన్న ధరకే కొనాలి. అతని పదేళ్ల శ్రమకు దక్కిన గుర్తింపల్లా వరుసలో కాస్త ముందు నిలబడే అవకాశం. పైగా అది అమెరికా నివాసులకే పరిమితమైంది కనుక, హైదరాబాదు విభాగాన్ని కంటికి రెప్పలా చూసే మోడరేటరుకు ఆ వరుసే లేదు.

ఆ షేర్లకు ఓటు బరువెంత? ఇక్కడ మూడు తరగతులున్నాయి: ఇష్యూలో అమ్మిన ఏ తరగతికి ఒక ఓటు, ముందునుంచీ పెట్టుబడి పెట్టినవారి బీ తరగతికి పది, సీ తరగతికి అసలు ఓటే లేదు. వాడుకరికి చేరినది మొదటిది.

ఈ తరగతుల లెక్క ఎంత లోతుగా పనిచేస్తుందో తెలియాలంటే 2023 వేసవికి వెళ్లాలి. ఒక సంస్థ సమాచారాన్ని బయటి సాఫ్ట్‌వేర్లు అడిగి తీసుకునే ద్వారాన్ని ఏపీఐ అంటారు. రెడిట్ ఏళ్లతరబడి దానిని ఉచితంగా తెరిచి ఉంచింది, దాని ఆధారంగా బయటివారు రూపొందించిన మొబైల్ యాప్‌లనే చాలామంది మోడరేటర్లు తమ పనికి వాడుకునేవారు. ఆ ఏడు ప్రతి వెయ్యి అభ్యర్థనలకు 24 సెంట్ల చొప్పున రుసుము విధించగా, అపోలో అనే ప్రసిద్ధ యాప్‌ను రూపొందించిన వ్యక్తి తనకు ఏడాదికి 2 కోట్ల డాలర్లవుతుందని లెక్కగట్టి, దాన్ని మూసివేశాడు. జూన్ 12న ఎనిమిది వేలకు పైగా సబ్‌రెడిట్లు బయటివారికి కనబడకుండా తలుపులు వేసుకున్నాయి. కంపెనీ దీనిని దాటిపోయే గాలివానగానే భావించింది. తలుపులు తెరవని మోడరేటర్లను మార్చగలమని హెచ్చరించింది. కొన్ని విభాగాలు హెచ్చరికకు తలవంచి తెరుచుకుని, వాడుకరుల ఓటింగు పెట్టి, ఇకపై తమ దగ్గర జాన్ ఆలివర్ అనే టెలివిజన్ వ్యంగ్యకారుడి ఫొటోలు మాత్రమే ఉంచాలని తీర్మానించుకున్నాయి. నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే నిర్వాహకుడిని నవ్వులపాలు చేసే ఈ పద్ధతిని చూస్తే, ఉద్యమానికి వ్యూహకర్తలు లేకపోయినా హాస్యానికి కొదవ లేదనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే రెడిట్ సంస్థాపకుల్లో ఒకరైన హఫ్‌మన్ ఒక ఇంటర్వ్యూలో మోడరేటర్లను వంశపారంపర్య భూస్వాములతో పోల్చి, వారిని వాడుకరులు ఓటుతో తొలగించగలిగే ఏర్పాటు రావాలన్నాడు. ఆ వాదనలో సత్యం లేకపోలేదు. మొదట వచ్చినవాడే ఎప్పటికీ పెత్తందారుగా ఉండే పద్ధతి చాలా విభాగాల్లో ఉంది, అన్యాయంగా బహిష్కరణకు గురైన వాడుకరులు ఆ సంగతి చెబుతారు. కానీ ఆ ప్రజాస్వామ్య సూత్రాన్ని ఉపదేశించిన సంస్థ తొమ్మిది నెలల తర్వాత మార్కెట్‌కు తెచ్చిన షేర్ల తరగతులు, ముందు వచ్చినవారి మాటకే పదిరెట్ల బరువిచ్చేలా కూర్చినవి. భూస్వామ్యం దిగువ అంతస్తులో దోషమై, పై అంతస్తులో స్థిరత్వమైంది.

ఆ నిరసనలో నెగ్గిన ఒక అంశం గమనించదగ్గది. చూపులేనివారు రెడిట్ సొంత యాప్‌ను వాడలేక బయటి యాప్‌ల మీద ఆధారపడేవారు. వారి విభాగం తన అభ్యంతరాన్ని నిర్దిష్టంగా చెప్పగా, వారికి ఉపకరించే వ్యాపారేతర యాప్‌లను రుసుము నుంచి మినహాయించారు. మిగతా కోర్కెలు చాలావరకు వీగిపోయాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో, ఒక విభాగాన్ని బయటివారికి మూసివేయాలంటే మోడరేటరు ముందుగా కంపెనీ అనుమతి పొందాలన్న నియమం వచ్చింది, దాంతో 2023 నాటి ఆయుధం చేతినుంచి జారిపోయింది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రతిపాదించిన విభజన ప్రకారం, అసంతృప్తి చెందిన సభ్యుడికి రెండు దారులుంటాయి: వెళ్లిపోవడం, నోరు విప్పడం. వెళ్లిపోయే దారి ఎంత ఇరుకైతే నోటి మాటకు అంత బలం తగ్గుతుందని ఆయన వివరించాడు. పదేళ్ల సంభాషణలను మూటగట్టుకుని మరోచోటికి వెళ్లడం ఎవరికీ సాధ్యం కాదు. మూసివేత ఒక్కటే ఆ వెళ్లిపోవడానికి దగ్గరగా ఉండేది.

వాటాదారు స్థానం నుంచి ఇదే ప్రశ్నను వేసిన ప్రయత్నం ట్విట్టర్‌లో జరిగింది. 2016 శరత్కాలంలో కంపెనీని అమ్మకానికి పెట్టారన్న వార్తలు వచ్చినప్పుడు, నేథన్ ష్నైడర్ అనే అధ్యాపకుడు దాన్ని వాడుకరులే కొని సహకార సంఘంగా మార్చవచ్చు కదా అని ఒక పత్రికా వ్యాసంలో ప్రశ్నించాడు. ఆ ఆలోచన చుట్టూ చేరిన కొందరు, వాటాదారుల హక్కుల కోసం పనిచేసే జేమ్స్ మెక్‌రిచీ పేరుతో, వాడుకరుల యాజమాన్యానికి గల అవకాశాలపై కంపెనీ ఒక నివేదిక తయారు చేయాలన్న తీర్మానాన్ని 2017 వార్షిక సమావేశానికి పంపారు. భారతదేశంలో సెబీ వంటి పాత్ర పోషించే అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, క్లుప్తంగా ఎస్ఈసీ, ఆ తీర్మానాన్ని పక్కన పెట్టడానికి కంపెనీకి వీలివ్వలేదు. మే నెలలో ఓటింగు జరిగి, సుమారు 5 శాతం ఓట్లు అనుకూలంగా పడ్డాయి. చూడడానికి ఇది ఘోర పరాజయం. కానీ అప్పటి నియమాల ప్రకారం 3 శాతం దాటిన తీర్మానాన్ని మరుసటి ఏడు మళ్లీ పెట్టవచ్చు. అయిదేళ్లకు, మొదట 9 శాతం వాటా కొని వాడుకరుల అభిప్రాయ సేకరణలు నిర్వహించిన ఇలాన్ మస్క్ అనే ఒకే ఒక్క వాడుకరి వాటాదారు, 4,400 కోట్ల డాలర్లకు కంపెనీ మొత్తాన్ని కొని, 2022 నవంబరులో దానిని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించాడు. ఆ తర్వాత అక్కడ వార్షిక సమావేశం లేదు, తీర్మానం లేదు, బయటి వాటాదారులకు ఇవ్వవలసిన నివేదికా లేదు.

ఓట్ల పట్టిక మాత్రమే చూసేవారు ఇక్కడ నిరాశతో ఆగిపోతారు. వాటాదారు హక్కుల్లో బలహీనమైనది ఓటు, బలమైనది తెలుసుకునే హక్కు; సామాజిక మాధ్యమాల గురించి లోకానికి తెలిసిన నిజాల్లో గణనీయమైన భాగం ఆ రెండో దారిలోనే వచ్చింది. పబ్లిక్ ఇష్యూకు ముందు కంపెనీ దాఖలు చేసే ప్రాస్పెక్టస్‌లో, ఆపై ఏటా ఇచ్చే నివేదికలో తన వ్యాపారానికి పొంచి ఉన్న ముఖ్యమైన ప్రమాదాలన్నీ రాయాలి. అందులో అబద్ధం రాస్తే శిక్ష ఉంది. వాడుకరులకు రాసే ప్రకటనల్లో సమాజం, విశ్వాసం వంటి మాటలు ఎన్ని దొర్లినా ఎవరూ కోర్టుకీడ్చరు. అందుకే రెడిట్ ప్రాస్పెక్టస్‌లో, జీతం లేని మోడరేటర్ల మీద కంపెనీ ఎంతగా ఆధారపడి ఉందో, వారు తలుపులు వేసుకుంటే వ్యాపారానికి కలిగే నష్టమేమిటో, వాడుకరుల రాతలను కృత్రిమ మేధ నమూనాల శిక్షణకు లైసెన్సుగా ఇచ్చే ఒప్పందాల మొత్తం విలువ 20 కోట్ల 30 లక్షల డాలర్లని, ఆ ఒప్పందాలపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ ప్రారంభించిందని కనిపిస్తుంది. 2023 నిరసన సమయంలో మోడరేటర్లు ఎంత అడిగినా రాని స్పష్టత, కొద్ది నెలల తర్వాత పెట్టుబడిదారుల కోసం నల్లని అక్షరాల్లో అచ్చయింది. ఆ పత్రంలోనే 2023లో ముఖ్య కార్యనిర్వహణాధికారికి దక్కిన ప్రతిఫలం విలువ, ప్రధానంగా షేర్ల రూపంలో, 19 కోట్ల 30 లక్షల డాలర్లని ఉంది. ఈ అంకెను, మోడరేటర్ల శ్రమ వెలగా పైన చెప్పిన 34 లక్షలను పక్కపక్కన పెట్టడం శాస్త్రీయం కాదు; అవి వేర్వేరు ఏళ్లవి, వేర్వేరు పద్ధతుల్లో కట్టినవి. అయినా మొదటి అంకె చట్టం అడిగినందువల్ల కంపెనీ చేతి మీదుగానే బయటికి వచ్చింది, రెండో అంకెను బయటి పరిశోధకులు శ్రమపడి తవ్వుకోవలసి వచ్చింది.

ఫేస్‌బుక్ చరిత్ర ఈ విషయాన్ని ఇంకా గట్టిగా రుజువు చేస్తుంది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థ చేతికి 8 కోట్ల 70 లక్షల మంది దాకా వాడుకరుల వివరాలు చేరాయని 2018లో వెల్లడయ్యాక, వాడుకరులు వేసిన ఉమ్మడి దావా 72 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహారంతో రాజీకి వచ్చింది; తలా పంచితే అది కొద్ది డాలర్లే. ఎస్ఈసీ వేసిన జరిమానా అంతకంటే చిన్నది, 10 కోట్ల డాలర్లు. కానీ దాని కారణం ఆలోచింపజేస్తుంది. వాడుకరుల సమాచారం దుర్వినియోగమయ్యే అవకాశం ఉందని కంపెనీ నివేదికల్లో రాస్తూ వచ్చింది, ఆ దుర్వినియోగం అప్పటికే జరిగిందని తనకు తెలిసి కూడా. జరిగినదాన్ని జరగవచ్చని రాయడం వాటాదారులను తప్పుదోవ పట్టించడమేనన్న వాదనతో పెట్టుబడిదారులు వేసిన దావాను ఆపాలని కంపెనీ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 నవంబరులో ఆ న్యాయస్థానం, వాదనలు విన్న తర్వాత, తీర్పేమీ చెప్పకుండానే అప్పీలును తోసిపుచ్చడంతో దావా నిలిచింది. డెలావేర్ రాష్ట్రంలో మరికొందరు వాటాదారులు, కంపెనీ అంతర్గత పత్రాలను తనిఖీ చేయడానికి అక్కడి చట్టం ఇచ్చే హక్కును వాడుకుని, డైరెక్టర్లనే ప్రతివాదులుగా నిలబెట్టారు. 2025 జులైలో విచారణ మొదలైన రెండో రోజునే రాజీ కుదిరింది, కాబట్టి సంస్థాపకుడు బోనెక్కవలసిన అవసరం రాలేదు. వాడుకరులు దావా వేస్తే డబ్బు వచ్చింది, వాటాదారులు దావా వేస్తే పత్రాలు వచ్చాయి. రాబోయే తరాలకు ఏది పనికివస్తుందో చెప్పనక్కర్లేదు.

2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హాగెన్ వేల పుటల అంతర్గత పత్రాలను బయటపెట్టినప్పుడు, ఫిర్యాదులు దాఖలు చేయడానికి ఆమె ఎంచుకున్నది ఎస్ఈసీనే. పిల్లల మానసిక ఆరోగ్యానికి హాని, విద్వేష ప్రచారం వంటి అంశాలను కూడా, కంపెనీ వాటాదారులకు ఒకటి చెప్పి లోపల మరొకటి తెలుసుకుందన్న రూపంలోనే ఆమె సమర్పించింది. భారతదేశం గురించిన పత్రాలు, కేరళవాసి పేరుతో తెరిచిన ప్రయోగాత్మక ఖాతాకు కొద్ది వారాల్లోనే హింసాత్మక, విద్వేషపూరిత చిత్రాలు వెల్లువెత్తాయన్న 2019 నాటి అంతర్గత నివేదికతో సహా, ఆ కట్టలోనివే. న్యూయార్క్‌లో షేరు కొన్నవాడిని కాపాడే చట్టం ఆసరాగా, ఆ షేరు పేరు కూడా వినని వాడుకరికి తన తెర వెనుక ఏం జరిగిందో తెలిసింది.

భారత చట్టం ఈ రెండు స్థానాలనూ వేర్వేరుగా పట్టించుకుంటుంది. వాడుకరి వైపు, 2021 సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ప్రతి వేదికా ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలిపి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి; 2022 సవరణతో, ఆ పరిష్కారం నచ్చకపోతే ప్రభుత్వం నియమించిన అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఇది ఒక రాతను తొలగించడం, ఒక ఖాతాను నిలిపివేయడం వంటి విడి సంఘటనలకు ఉద్దేశించినది. రాతలన్నిటినీ గంపగుత్తగా శిక్షణకు అమ్మే విధానం గురించి ఏ ఫిర్యాదుల అధికారీ జవాబు చెప్పడు. వాటాదారు వైపు, 2013 కంపెనీల చట్టం ప్రకారం సభ్యులు తమ తీర్మానాన్ని కంపెనీ ఖర్చుతో కాకపోయినా కంపెనీ చేత మిగతా సభ్యులకు పంపించాలంటే, ఓటు హక్కున్న చెల్లింపు మూలధనంలో పదో వంతు వారి చేతిలో ఉండాలి. చిన్న వాటాదారుకు అది అందని ద్రాక్షే. ఒక్క విషయంలో మాత్రం సెబీ అమెరికా కంటే ముందుంది: సంస్థాపకులకు అదనపు ఓట్లిచ్చే షేర్లకు 2019లో అనుమతిస్తూ, ఒక్కో షేరుకు పది ఓట్లకు మించరాదని, అయిదేళ్లకు అవి మామూలు షేర్లుగా మారిపోవాలని, సభ్యులు ఒప్పుకుంటే మరో అయిదేళ్లు మాత్రమే పొడిగించవచ్చని కట్టడి చేసింది. మెటాగా పేరు మార్చుకున్న ఫేస్‌బుక్‌లో అలాంటి కాలపరిమితి లేదు. తెలుగువారు కూడా వాడిన ‘కూ’ అనే దేశీయ వేదిక 2024లో మూతపడింది, మరో దేశీయ వేదిక షేర్‌చాట్ ఇంకా ప్రైవేటు కంపెనీయే. అందువల్ల సెబీ నియమానికి ఈ రంగంలో పరీక్ష ఇంకా రాలేదు.

భారత నివాసి ఏటా రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపి అక్కడి షేర్లు కొనడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది కనుక, విశాఖలోనో వరంగల్లులోనో ఉన్న వాడుకరి రెడిట్ షేరు కొనవచ్చు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగువారికి అది మరీ సులువు. కొన్నంత మాత్రాన తీర్మానం పెట్టగలరా? 2020 సవరణ తర్వాత అమెరికా నియమం మూడు మెట్లుగా ఉంది: 2,000 డాలర్ల విలువైన షేర్లను మూడేళ్లు, లేదా 15,000 విలువైనవి రెండేళ్లు, లేదా 25,000 విలువైనవి ఏడాది, మధ్యలో అమ్మకుండా ఉంచుకోవాలి. ఇష్యూ ధర లెక్కన 2,000 డాలర్లంటే 59 షేర్లు. తొలిరోజు వాటిని కొని దాచుకున్న మోడరేటరుకు ఆ అర్హత 2027 మార్చితో దక్కుతుంది. అసలు దెబ్బ అదే సవరణలోని మరో నిబంధన: పలువురి షేర్లను కలిపి ఆ విలువకు చేర్చడం కుదరదు. తలా రెండు షేర్లున్న వెయ్యిమంది వాడుకరులు ఒక్క తీర్మానం కూడా పెట్టలేరు, 59 షేర్లున్న ఒక్కడు పెట్టగలడు. కూడబలుక్కోవడమే బలమైన మనుషులకు సరిగ్గా ఆ కూడికనే నిషేధించిన ఈ నియమం, రాసినవారి ఉద్దేశమేదైనా, వాడుకరి సమాజాలకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఆ మీదట 2025లో టెక్సాస్ రాష్ట్రం, అక్కడి కొన్ని లిస్టెడ్ కంపెనీలు కోరుకుంటే తీర్మానాల అర్హతను పది లక్షల డాలర్ల విలువకు లేదా 3 శాతం వాటాకు పెంచుకునే వీలు కల్పించింది.

ఇక ఈ రెండు స్థానాలూ కలిసిన మనిషి మనసులో జరిగే పెనుగులాటను విస్మరించడానికి వీల్లేదు. వాడుకరిగా అతడు తన రాతలను శిక్షణకు అమ్మడాన్ని వ్యతిరేకిస్తాడు. వాటాదారుగా ఆ అమ్మకం వల్ల పెరిగిన షేరు ధరను చూస్తాడు. తొలిరోజే 34 డాలర్ల షేరు 50 డాలర్లు దాటి ముగిసింది, వాడుకరులకు కేటాయించిన షేర్లకు ఫలానా కాలం దాకా అమ్మరాదన్న నిషేధం కూడా లేదు. ఆ సాయంత్రమే అమ్మి లాభపడినవారిని తప్పుపట్టలేం, వారి శ్రమకు అంతవరకు దక్కిన డబ్బు అదొక్కటే కావచ్చు. కానీ అమ్మిన క్షణాన వారి మూడేళ్ల అర్హత లెక్క కూడా పోయింది. పట్టుకున్నవారికి లాభం మీద ఆశ మిగిలింది, అమ్మినవారికి హక్కు మీద ఆశ నిలవలేదు. వాడుకరులకు షేర్లివ్వడమే ప్రజాస్వామ్యమని మురిసిపోయిన వ్యాఖ్యాతలు పట్టించుకోని సంగతి ఇది: ఓటు బరువు లేని షేరు, వాడుకరిని యజమానిగా మార్చే ముందు పెట్టుబడిదారుగా మారుస్తుంది.

కాబట్టి 2027 తర్వాత అర్హత పొందే వాడుకరి వాటాదారులు, బోర్డు సీటును గాని తరగతుల రద్దును గాని అడిగే తీర్మానాలతో మొదలుపెడితే, గెలవని పోరులో ఉన్న బలం ఖర్చయిపోతుంది. ఏటా ఎన్ని రాతలు ఏ ఏ కంపెనీలకు లైసెన్సుగా వెళ్లాయో, వాడుకరి తొలగించిన రాత ఆ ఒప్పందాల నుంచి కూడా తొలగుతుందో లేదో, మోడరేటర్ల పనిగంటలను కంపెనీ ఎలా లెక్కిస్తుందో, తెలుగు వంటి భాషల విభాగాల్లో ఫిర్యాదులను చూసే సిబ్బంది ఎందరో వెల్లడించే నివేదికను మాత్రమే కోరడం వివేకం. చూపులేని వాడుకరుల విభాగం 2023లో నెగ్గినది ఇలాంటి నిర్దిష్టమైన కోరికతోనే. తీర్మానానికి నియమం ఇచ్చే చోటు 500 పదాలు. పది ఓట్ల షేర్ల ముందు అది ఓడిపోవడం దాదాపు ఖాయం. కానీ దానిని తిరస్కరించమని బోర్డు సిఫారసు చేస్తూ తన కారణాలు చెప్పదలిస్తే, వాటిని వాటాదారులకు పంపే అదే పత్రంలో, ఆ 500 పదాల కిందనే అచ్చు వేస్తుంది, అలా అచ్చువేసిన ప్రతి వాక్యానికీ సెక్యూరిటీల చట్టం కింద బాధ్యత వహించాలి.